ప్రార్థన చేతులు

రెబెకాకు అక్షరాలు రావు గానీ ఫోను వచ్చు. కోడలు బ్లెస్సీ నేర్పింది. ఆకుపచ్చ గుర్తు మీద నొక్కితే మనుషుల బొమ్మలు ఒకదాని కింద ఒకటి వస్తాయి. స్టీరింగు పట్టుకుని నవ్వుతున్నది కొడుకు తిమోతి. గులాబీ పువ్వు మంచిర్యాలలో ఉన్న చెల్లెలు. తెల్లగోడ ముందు నీలం చీరలో, బైబిలును గుండెలకు ఆనించుకుని నిలబడ్డది పాస్టరుగారి భార్య. సంఘంలో చిన్నా పెద్దా అందరికీ ఆమె అమ్మగారే. చర్చి గోపురం బొమ్మ ఉన్నది సంఘం వాళ్లందరి గ్రూపు. పొద్దున్నే అందులోకి వచ్చే పాటలు వినడమే తప్ప రెబెకా దాని జోలికి పోదు.

కావలసిన బొమ్మ మీద నొక్కాలి. కింద మైకు గుర్తు మీద వేలు పెట్టి పట్టుకోవాలి. మాట్లాడాలి. వేలు తీస్తే మాట వెళ్లిపోతుంది. బీడీలు చుట్టీ చుట్టీ రెబెకా బొటనవేలు గాజుపెంకులా నున్నబడిపోయింది, ఫోను ఒక్కోసారి దాన్ని వేలుగానే లెక్కచేయదు. అందుకని చిటికెన వేలి పక్కతో నొక్కుతుంది.

ఆ శుక్రవారం పొద్దున అత్తాకోడళ్లిద్దరూ వాకిట్లో చేటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. తడిగుడ్డలో చుట్టిన తునికాకు మెత్తబడింది. ఆకు మీద రేకు అచ్చు పెట్టి, చుట్టూ కత్తెర తిప్పితే బీడీకి సరిపడే ముక్క వస్తుంది. కత్తెర తిప్పేది కుడిచెయ్యే, కానీ ఆకునూ అచ్చునూ కలిపి పట్టేది ఎడమచెయ్యి. బ్లెస్సీ ఎడమచేతి రెండు వేళ్లను వెదురుబద్దకు ఆనించి, పాత చీరపేలికతో కలిపి కట్టాడు ఊళ్లోని ఆరెంపీ డాక్టరు. మిగిలిన వేళ్లతో ఆకును అదిమిపెట్టబోయింది. ఆకు జారింది, కత్తెర వంకరగా పోయింది. ఆ ముక్కను పక్కన పడేసి ఇంకో ఆకు తీసుకుంది. అదీ జారింది.

"నువ్వు వట్టిగ దారం కట్టు బిడ్డా. ఆకు నేను కత్తిరిస్త" అంది రెబెకా.

"దారం గుంజుటానికి రెండు చేతులు కావాలె అత్తమ్మా."

రెబెకా దారపు ఉండను తన వైపు జరుపుకుంది. నిజమే కదా.

పక్కింటి షాజాదీ బేగం తన చేట చంకన పెట్టుకుని వచ్చి గడప పక్కన చతికిలబడింది. గాలి బాగా వచ్చేది ఇక్కడే అని ఆమె రోజూ చెప్పే సాకు. కూర్చోగానే బ్లెస్సీ చేతి వంక చూసింది.

"ఎట్లున్నదే వేలు?"

"జర తగ్గింది చిన్నమ్మా."

"బాత్రూంల జారిపడ్డవంటివి గదా?"

"అవ్."

"మీ బాత్రూం మస్తు గట్టిది పో. ఎంచి ఎంచి రెండు వేళ్లే పట్టి విరిసింది. గంత తెలివిగల్ల బాత్రూం నేనెన్నడు చూడలే."

బ్లెస్సీ తల ఎత్తలేదు. రెబెకా చేటలోని తంబాకును అవసరం లేకపోయినా వేళ్లతో సర్దింది. రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒకే ఇటుక గోడ. మంగళవారం రాత్రి ఆ గోడ అవతల టీవీ ఉన్నట్టుండి ఆగిపోవడం ఆమెకు గుర్తుంది.

ఫోను మోగింది. స్టీరింగు బొమ్మ. రెబెకా చెవికి పెట్టుకుంది.

"అవ్వా, బోథ్ కాడ ఉన్న. పత్తి లోడు ఇంకా ఎక్కలే. ఈడ సిగ్నల్ సక్కగ లేదు, నెట్టు గూడ అయిపోయింది. సోమారం ఇంటికొచ్చినంక వేపిచ్చుకుంట. ఏం జేస్తుంది ఆమె?"

"బీడీలు చేస్తుంది."

"వేలు నొస్తుందా అడుగు."

రెబెకా ఫోనును కొంచెం పక్కకు జరిపి కోడలిని చూసింది. బ్లెస్సీ అవునని గానీ కాదని గానీ అనలేదు.

"నొస్తలేదట కొడుకా."

"సరే. ఆమె ఫోను నా కాన్నే ఉన్నది. తాళం తీపిచ్చుకున్న, అన్నీ చూస్తున్న, ఎవలెవలికి ఏం చెప్పుకున్నదో. సోమారం వచ్చినంక మాట్లాడుత. తీరుబడిగ మాట్లాడుత అని చెప్పు."

గొంతులో కోపం లేదు. డీసీఎం వ్యాను టైరు మార్చాలని చెప్పినట్టే చెప్పాడు.  రెబెకా ఫోను కొంగుతో తుడిచి, కోళ్లకు నూకలు వేసి వస్తానని ఇంటి వెనక్కి నడిచింది.

సంఘంలో ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది. ఇంట్లో ఓర్చుకోలేని బాధ ఉంటే ఫోనులో నోటిమాటగా అమ్మగారికి పంపిస్తారు. శుక్రవారం సాయంత్రం ఉపవాస కూడికలో ఆమె 'ఒక సహోదరి' అని, పేరు ఎత్తకుండా ప్రార్థన చేస్తుంది. ఆ తర్వాత జోడించిన చేతుల బొమ్మ ఒకటి తిరిగి పంపిస్తుంది. విన్నాను, ప్రార్థన చేశాను అని దానర్థం. రెబెకా మోకాళ్ల నొప్పులకు పంపింది, చెల్లెలి గర్భసంచి ఆపరేషనుకు పంపింది. ఇలాంటి మాట ఎప్పుడూ పంపలేదు.

కోళ్లగూడు పక్కన నిలబడి ఆకుపచ్చ గుర్తు నొక్కింది. నీలం చీర అన్నిటికంటే పైనే కనిపించింది. దాన్ని నొక్కి, మైకు మీద చిటికెన వేలు ఆనించి, నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"అమ్మగారూ, వందనాలు. నేను రెబెకాను. ఎవలకు చెప్పకుండ్రి తల్లీ. మా బ్లెస్సీ బాత్రూంల పడలే. తల్లిగారింటికి ఏం చెప్పుకుంటున్నవో చూపియ్యిమని మా తిమోతి ఫోను తెరువుమన్నడు. పిల్ల తెరువలే. వేలు పట్టి ఫోను మీద పెట్టి ఒత్తిండు, పిల్ల గుంజుకున్నది. విరిసిండు అమ్మగారూ. నేను పెరట్ల ఉన్న, సప్పుడు ఇనబడ్డది. సోమారం మళ్ల వస్తుండు. ఈసారి ఏం జేస్తడో అని నాకు పాణం కొట్టుకుంటుంది. వాని మనసు తిప్పుమని ప్రభువును అడుగుండ్రి."

వేలు తీసింది. మాట వెళ్లిపోయింది. గుండెల మీది బండ కొంచెం జరిగినట్టు ఒక్క నిమిషం ఊపిరి ఆడింది.

ఆమె వాకిట్లోకి వచ్చి చేట ఒళ్లోకి తీసుకునేలోపే ఫోను టింగుమంది. జోడించిన చేతులు. అమ్మగారు అంత తొందరగా వినడం ఎన్నడూ లేదు. రెబెకా కళ్లు చెమర్చాయి. మళ్లీ టింగుమంది. మళ్లీ చేతులు. ఇంకోసారి. ఆమె ఆకు కత్తిరిస్తూనే ఉంది, చేతులు వస్తూనే ఉన్నాయి.

"ఏం రెబెకక్కా, నీ ఫోన్ల ఇయ్యాల గంటలు ఆగుతలేవు. ఆదివారం ముందటేసుకొని వచ్చిందా ఏంది మీకు?" అని నవ్వింది షాజాదీ బేగం.

రెబెకా నవ్వబోయింది. అంతలో చేతుల బొమ్మల కింద ఒక నోటిమాట వచ్చింది. నొక్కింది. మగగొంతు. సంఘ పెద్ద ముత్తయ్యది.

"ఆమెన్. ప్రభువు ఆ కుటుంబాన్ని దీవించును గాక."

అమ్మగారి బొమ్మలో ముత్తయ్య ఎట్లా మాట్లాడుతున్నాడు? రెబెకా వెనక్కి నొక్కి బొమ్మల వరసను మెల్లగా పైకి జరిపింది. స్టీరింగు, గులాబీ పువ్వు, మళ్లీ నీలం చీర. అదే తెల్లగోడ, అదే బైబిలు. పైన ఒక అమ్మగారు, కింద ఒక అమ్మగారు. చివరిదాకా జరిపి చూసింది. చర్చి గోపురం ఎక్కడా లేదు.

ఒళ్లోని చేట పక్కకు ఒరిగి తంబాకు నేల మీద ఒలికింది.

"అత్తమ్మా!" అంటూ బ్లెస్సీ ఒంటిచేత్తో ఎత్తబోయింది.

"ఏం లేదు. తిమ్మిరెక్కింది కాలు" అని రెబెకా లేచి మళ్లీ కోళ్లగూడు దగ్గరికి పోయింది.

తీసేయడం ఎట్లాగో కొంత తెలుసు. పాడైన ఫొటోలు తీసేస్తుంటే బ్లెస్సీ పక్కన కూర్చుని చూసింది. తన మాట మీద వేలు ఒత్తి పట్టుకుంది. నున్నటి బొటనవేలు పని చేయలేదు, చిటికెన వేలు పెట్టింది. పైన చెత్తబుట్ట గుర్తు వచ్చింది. దాన్ని నొక్కింది. తెల్లటి పెట్టె తెరుచుకుంది. అందులో బొమ్మ ఏదీ లేదు. మూడు వరసల అక్షరాలు, అంతే.

మూడు వరసలు దేనికి? తీసెయ్యమని చెప్పడానికి ఒకటి చాలదా? పది అడుగుల అవతల అక్షరాలు వచ్చిన కోడలుంది. పిలిస్తే వస్తుంది, చదివి చెబుతుంది. ఏమని పిలవాలి? బాత్రూంలో జారిపడ్డానని చెప్పమని ఆ పిల్లకు నేర్పింది తనే. అందరికీ అదే చెప్పు, ఇంటి మాట బయటికి పోవద్దు అని ఒట్టు వేయించుకున్నది తనే. ఇప్పుడా మాటను ఊరంతటికీ వినిపించింది కూడా తనే అని ఏ నోటితో చెప్పాలి?

ప్రభువా అని మనసులో అనుకుని నడిమి వరస మీద నొక్కింది.

మాట పోయింది. ఉన్నచోట లేదు. పైకీ కిందికీ జరిపి చూసింది, ఎక్కడా లేదు. చేతుల బొమ్మలు మాత్రం మిగిలాయి. వాటితో భయం లేదు. దేనికి దండం పెట్టారో తిమోతికి ఏం తెలుస్తుంది? రెబెకా గూడు కర్రకు నుదురు ఆనించి చాలాసేపు నిలబడింది.

శనివారం బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. ఇద్దరి పనీ తనొక్కతే చేయాల్సి వచ్చింది కాబట్టి తట్ట తేలికగానే ఉంది. కార్ఖానా అరుగు మీద కూర్చున్న గుమాస్తా కట్టలను ఒక్కొక్కటీ విప్పి, బీడీని వేళ్ల మధ్య దొర్లించి చూసి, వదులుగా ఉన్నవాటిని తుంచి పక్కన పడేస్తున్నాడు. రెబెకా వంతు రాగానే తుంచడం ఎక్కువైంది.

"ఏందవ్వా ఇవి? నీ చెయ్యేనా?"

"నా చెయ్యే. తొందరల చేసిన."

వెనుక నిలబడ్డ ఇద్దరు సంఘం ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నవాళ్లు ఆగిపోయారు. వాళ్లలో బాలలక్ష్మి ముందుకు వచ్చి, రెబెకా తట్ట అందుకుని తలకు ఎత్తింది. ఎత్తమని రెబెకా అడగలేదు.

"ఓర్చుకో వదినే. ప్రార్థన చేస్తున్నం" అంది మెల్లగా.

"దేనికి?"

బాలలక్ష్మి తికమకపడింది. "అన్నిటికి" అని వెనక్కి జరిగింది.

దారి పొడుగునా రెబెకా తనకు తను చెప్పుకుంటూనే ఉంది. తీసేసేలోపు ఒకరిద్దరు విని ఉంటారు. ఆ ఒకరిద్దరిలో బాలలక్ష్మి ఉంది. అంతే. సోమవారానికి అదీ మరిచిపోతారు.

ఆదివారం చర్చి లోపల రంగు కాగితాల తోరణాలు కట్టారు. అమ్మగారు సేవకు వచ్చి పాతికేళ్లయింది. ముందు వరసలో ఆమెకు పూలదండ వేసిన కుర్చీ ఒకటి పెట్టారు. కీబోర్డు మీద గుడ్డ కప్పి ఉంది. వాయించేవాడు తిమోతి, అతను బోథ్ నుంచి ఇంకా రాలేదు.

బ్లెస్సీ కట్టుకట్టిన చేతిని చున్నీ కింద పెట్టుకుని ఆడవాళ్ల వైపు కూర్చుంది. రెబెకా పక్కన కూర్చుని చూస్తూ ఉంది. వచ్చిన ప్రతి ఆడమనిషి చూపూ ఒకసారి ఆ చున్నీ మీద వాలి, వెంటనే పాటల పుస్తకంలోకి పోతోంది. బుధవారం ఇంటి కూడికలో వీళ్లే ఒకరి తర్వాత ఒకరు అడిగారు. అయ్యో చేతికేమైంది బిడ్డా, ఎక్కడ పడ్డవు, కట్టు ఎవలు కట్టిండ్రు, పసుపు పెట్టినవా. ఇవాళ ఒక్కరూ అడగలేదు.

తెలియని వాళ్లే అడుగుతారు.  ఒకరిద్దరు కాదు. చర్చి నిండా ఉన్నవాళ్లందరూ విన్నారు.

ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర కరుణాకర్ దొరికాడు. బస్టాండు దగ్గర అతనికి జిరాక్సు, నెట్టు దుకాణం ఉంది. చర్చిలో మైకూ, ఫోనులో గ్రూపూ చూసుకునేది అతనే. తిమోతికి చిన్నప్పటి జతగాడు. రెబెకా అతన్ని నీళ్ల ట్యాంకు వెనక్కి పిలిచింది.

"బిడ్డా, గ్రూపు బొమ్మ ఎవలు మార్చిండ్రు?"

"నేనే చిన్నమ్మా. అమ్మగారి పండుగ గదా, ఈ నెలంత ఆమె ఫొటో ఉండాలె అని పెద్దలన్నరు. శుక్రారం పొద్దుగాల పెట్టిన."

"నాకు చదువు రాదు గదరా. నేను బొమ్మను చూసి మాట్లాడిన."

కరుణాకర్ మొహం వాడిపోయింది. "నాకు తట్టలే చిన్నమ్మా" అన్నాడు.

"తీసేసిన. శుక్రారమే తీసేసిన. అందరెట్ల విన్నరు?"

అతను తన ఫోను తీసి ముందుకు పెట్టాడు. చేతుల బొమ్మలన్నిటికీ పైన ఆమె మాట అట్లాగే ఉంది. అతని వేలు తగిలి అది మొదలైంది. 'అమ్మగారూ, వందనాలు. నేను రెబెకాను. ఎవలకు చెప్పకుండ్రి తల్లీ.' ట్యాంకు దగ్గర చెయ్యి కడుగుతున్న మనిషి తల తిప్పాడు. రెబెకా రెండు చేతులతో ఫోనును మూసింది, గొంతును మూసినట్టు.

"నువ్వు నీ ఫోన్లకెల్లే తీసుకున్నవ్ చిన్నమ్మా. పై వరస నొక్కితే అందరియి పోతుండె. ఇప్పుడు నీ ఫోన్ల లేదు గాబట్టి నువ్వు తియ్యలేవు. నేను తియ్యొచ్చు."

"మరి తియ్యకపోతివేంరా? తిమోతి రేపు వస్తుండు. నెట్టు లేదు గాబట్టి ఇంకా వినలే. వాడు వింటే ఆ పిల్లను బతకనియ్యడు."

కరుణాకర్ కాళ్ల వంక చూసుకున్నాడు. "నేను సగమే విన్న చిన్నమ్మా. అన్న సంగతి, నేనెందుకు నడుమల అని..."

"సగం విన్నోడివి చేతులెందుకు పంపినవ్?"

"అందరు పంపిండ్రు గదా."

అమ్మగారు అటే వచ్చింది. మెడలో దండ ఇంకా ఉంది. కరుణాకర్‌ను ఒక చూపుతో దూరంగా పంపి, రెబెకా భుజం మీద చెయ్యి వేసింది.

"రెబెకమ్మా, ఇట్లాంటివి పదిమంది ముందర పెడతరా? నాకొక్కదానికి చెప్పొద్దా?"

"మీకే చెప్పిన అమ్మగారూ."

"సరే, అయిందేదో అయింది. తిమోతి మంచి పిల్లవాడు. అతను కీబోర్డు ముందర కూర్చుంటే ఆరాధనకే ఒక కళ. కోపం ఎవరికి రాదు? ఆ అమ్మాయిని కొంచెం తగ్గి ఉండమను. భర్త దగ్గర ఫోనుకు తాళమేంటి? నువ్వు నీ కాలంల ఓర్చుకోలేదా?"

రెబెకా చేతులు జోడించింది. "దాన్ని తీసేయమని చెప్పుండ్రి. మీ కాళ్లు మొక్కుత" అంది.

అమ్మగారు కరుణాకర్‌కు సైగ చేసింది. అతను ఫోనులో రెండుసార్లు నొక్కి, ఇటు తిప్పి చూపించాడు. మాట ఉన్నచోట బూడిదరంగు అక్షరాల వరస ఒకటి ఉంది.

"అయిపోయింది చిన్నమ్మా. అందరి ఫోన్లల్లకెల్లి పోయింది. అన్న నెట్టు వేసుకున్నా గూడ ఇనరాదు."

రెబెకా అతని చెయ్యి పట్టుకుని కళ్లకు అద్దుకుంది.

ఇంటికి పోతున్నప్పుడు ఎండ చుర్రుమంటోంది. రోడ్డు మీద ఎవరూ లేరు. మిషను స్కూలు గోడ దాటాక బ్లెస్సీ నోరు విప్పింది.

"భోజనాల కాడ బాలలక్ష్మత్త నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. ఎందుకత్తా అంటే, మీ అత్తమ్మ చెప్పింది విన్న అన్నది."

రెబెకా నడక ఆపలేదు. ఆపితే మళ్లీ అడుగు పడదనిపించింది. "తెల్వక పోయింది బిడ్డా. అమ్మగారికే అనుకున్న. ఫికర్ జెయ్యకు, తీసేయించిన. కరుణాకర్ తీసేసిండు. ఇగ తిమోతికి ఏం దొరకదు."

"తీసేయించినవా?"

"అవ్. మొత్తం పోయింది."

బ్లెస్సీ నిలబడిపోయింది. రెబెకా నాలుగడుగులు ముందుకు పోయి వెనక్కి చూసింది. కోడలి మొహంలో ఆమె అనుకున్న తేలిక లేదు. చున్నీ కొస జారి కట్టు బయటపడినా సర్దుకోలేదు.

"మా తమ్మునికి మంథనికి ఫోన్ చేసి చెబుదామంటే నా ఫోన్ లేదు. చెప్పినా, అక్కా నీది ఎప్పటికుండేదే అంటడు. వేలు విరిసిండు అని పైకి అన్నది నువ్వొక్కదానివే అత్తమ్మా. తియ్యకముందు ఒక్కసారి నాకు వినిపియ్యకపోతివి."

ఆ మాట అని ముందుకు నడిచింది. రెబెకా వెనుక పడింది. 

సోమవారం మధ్యాహ్నం తిమోతి వచ్చాడు. జుట్టులో పత్తి పింజలు అంటుకుని ఉన్నాయి. తువ్వాలలో మూటకట్టిన సీతాఫలాలు గడపలో పెట్టాడు. "బోథ్ కాయలు అవ్వా, మస్తు తియ్యగున్నయ్. ఆమెకు గూడ ఇయ్యి" అన్నాడు. చన్నీళ్లతో స్నానం చేసి, లుంగీ కట్టుకుని, పళ్లెం ముందు కూర్చున్నాడు. రెబెకా అన్నం వడ్డించి, పప్పు పోసింది. బ్లెస్సీ మూలన కూర్చుని తునికాకుల్లో చిల్లులు పడ్డవాటిని ఏరి పక్కన వేస్తోంది. ఒంటిచేత్తో చేయగలిగిన పని అదొక్కటే.

నాలుగు ముద్దలు తిన్నాడు. ఎడమచేత్తో ఫోను తీశాడు. బస్టాండులో నెట్టు వేయించుకున్నట్టున్నాడు, వరసగా మోతలు వచ్చాయి. రెబెకా పప్పుగిన్నె మీద మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

"అవ్వా, గ్రూపుల ఏం పెట్టినవ్?"

"ఏం పెట్టలే కొడుకా."

"నీ పేరు మీద ఉన్నది. అడ్మిన్ తీసేసిండు అని ఉన్నది. కింద సంఘం సంఘమంత చేతులు జోడించిండ్రు. దేనికి?"

ఆ బూడిదరంగు అక్షరాలు రెబెకా కళ్ల ముందు మెదిలాయి. మాట పోయిన చోట గుర్తు మిగులుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

తిమోతి కరుణాకర్‌కు ఫోను కలిపాడు. అటు గొంతు రెబెకాకు వినబడుతూనే ఉంది. "నేను వినలేదన్నా. అమ్మగారు తియ్యుమంటే తీసిన." ముత్తయ్యకు కలిపాడు. "చేతులు పెట్టిన గానీ వినలేదు బాబూ, కండ్లు మసకలు గదా." కండ్లు మసకలైతే చెవులకేమైంది? తిమోతి ఇంకెవరికో కలిపాడు. వాళ్లూ వినలేదు. చేతులు జోడించిన వాళ్లలో విన్నవాళ్లు ఒక్కరూ లేరు.

అతను ఫోను పక్కన పెట్టి, మెల్లగా మూల వైపు తిరిగాడు.

"నువ్వే గదా?"

బ్లెస్సీ ఆకులు ఏరడం ఆపింది.

"అవ్వకు అక్షరం ముక్క రాదు. పాటలు వినుడు తప్ప ఆమెకేం తెలుసు? నీ ఫోను గుంజుకపోయిన్నని, అవ్వ ఫోన్లకెల్లి నువ్వే పెట్టినవ్. ఊరంత నా మొఖం మీద ఉమ్మేయాలె అని. అంతేనా?"

బ్లెస్సీ కాదనలేదు. అత్తమ్మను అడుగు అనలేదు. కనీసం రెబెకా వైపు చూడను కూడా లేదు. ఈ ఇంట్లో అటు చూసి లాభం లేదని తెలిసిన మనిషిలా నేల వంకే చూస్తూ కూర్చుంది.

తిమోతి లేచాడు. ఎంగిలి చెయ్యి కడుక్కోలేదు. మూలకు పోయి ఆమె ముందు గొంతుకూర్చుని, కట్టు లేని చేతిని, కుడిచేతిని, మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి చూశాడు.

"ఏ వేలుతోటి పెట్టినవ్?"

రెబెకాకు ఆ గొంతు తెలుసు. మంగళవారం కూడా ఇంత మెల్లగానే అడిగాడు. ఈ మూడు నాలుగు రోజులూ తను ఎవరి కాళ్లు పట్టుకుని తిరిగిందో, ఏది పోవాలని మొక్కుకుందో, అది పోయింది. పోయినందుకే అతను ఇప్పుడు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. తను ఊరుకుంటే చాలు. పప్పుగిన్నె పట్టుకుని వంటింట్లోకి పోతే చాలు. ఊరంతా వినలేదన్నది, తనూ అదే అనవచ్చు.

"నేను" అంది.

 తిమోతి తల తిప్పలేదు.

"నేను పెట్టిన. నా నోటితోటి చెప్పిన. పిల్లకు తెల్వనే తెల్వదు. దాని చెయ్యి ఇడువు."

"నువ్వు ఊకో అవ్వా, దాన్ని ఎన్కేసుకురాకు. నువ్వేం చెప్తవ్?"

"నువ్వు బ్లెస్సీ వేళ్లు విరిసినవని చెప్పిన."

ఇప్పుడు తిరిగి చూశాడు. పెదాల మీద అన్నం మెతుకు ఒకటి అంటుకుని ఉంది. చిన్నప్పుడు కూడా వాడికి మూతి తుడుచుకోవడం రాదు. రెబెకా చూపు ఆ మెతుకు మీదే నిలిచిపోయింది, కళ్లలోకి చూడాలంటే ధైర్యం చాలక.

"నువ్వు పెరట్ల ఉన్నవ్. నీకేం తెలుసు?"

"పెరట్ల ఉన్ననని అమ్మగారికి చెప్పిన. అది అబద్ధం. నేను గడపల ఉన్న. కండ్లతోటి చూసిన. పిల్ల నా దిక్కు చూసింది. అత్తమ్మా అన్నది. నేను తలుపు దగ్గరికేసిన, ఎవలన్న వింటరని."

బ్లెస్సీ తలెత్తింది.

తిమోతి ఆమె చెయ్యి వదలలేదు. పళ్లు బిగించి, గొంతు తగ్గించి అన్నాడు. "మెల్లగ మాట్లాడవ్వా. తలుపు తీసున్నది. పక్కింటోళ్లు వింటరు."

గోడ అవతల షాజాదీ బేగం ఇంట్లో మిక్సీ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది.

రెబెకా గిన్నె కింద పెట్టి లేచి నిలబడింది.  వాకిలి తలుపు ఇంకో రెక్క కూడా బార్లా తెరిచి, గొంతు పెంచి, మంగళవారం నుంచి మళ్లీ మొదలుపెట్టింది.